ఆరోగ్య సంస్థలు సామాజిక మాధ్యమాల్లో చెప్పే మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త జబ్బు పేరు వినిపించిన ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. 2020లో కొవిడ్ రోజుల్లో అడిగిన ప్రశ్నలనే 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ వార్తలు వచ్చినప్పుడు కూడా అడిగారు. జబ్బు పేరు ఒక్కటే మారింది. అందుకే వాటిని ఒకచోట చేర్చి, అడిగినవారి మాటల్లోనే ఉంచి, జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## ఎవరు చెబుతున్నారో తెలుసుకునే దశ

ఈ ఖాతా నిజంగా ఆరోగ్య శాఖదేనా? నీలి టిక్కు ఉంటే నమ్మవచ్చా?

నీలి టిక్కును ఇప్పుడు గుర్తింపుగా తీసుకోలేము. 2023 ఏప్రిల్‌లో ట్విటర్ (ఇప్పటి ఎక్స్) పాత ధ్రువీకరణ టిక్కులను తీసివేసింది. అప్పటి నుంచి నీలి టిక్కు నెలనెలా డబ్బు కట్టేవారికి వచ్చే గుర్తుగా మారింది. ప్రభుత్వ ఖాతాలకు అక్కడ బూడిద రంగు టిక్కు ఇస్తున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కూడా డబ్బు కట్టి టిక్కు పొందే పద్ధతి 2023 జూన్‌లో మన దేశానికి వచ్చింది. కాబట్టి దారి తిప్పి నడవడమే మేలు: ముందు ఆ సంస్థ వెబ్‌సైటుకు వెళ్లి, అక్కడి లింకు ద్వారా ఖాతాలోకి వెళ్లండి. చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉండే చిరునామాలను మన దేశంలో ప్రభుత్వ సంస్థలకే కేటాయిస్తారు. వెబ్‌సైటులో లింకు లేని ఖాతా, పేరు ఎంత గంభీరంగా ఉన్నా, అనుమానించదగినదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటి చెబుతుంది, కేంద్రం ఇంకొకటి, రాష్ట్రం మరొకటి. ఎవరి మాట వినాలి?

వారి పనులు వేరు కావడం వల్లనే మాటలు వేరుగా వినిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలకు సలహా ఇస్తుందే తప్ప, ఆదేశించి అమలు చేయించే అధికారం దానికి లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన చేస్తుంది, పరీక్షల పద్ధతులు నిర్ణయిస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ దేశమంతటికీ మార్గదర్శకాలు, టీకా కార్యక్రమాలు రూపొందిస్తుంది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. అందువల్ల మీ ఊరి తాగునీరు, మీ జిల్లా ఆసుపత్రిలో పడకలు, రేపటి వైద్య శిబిరం వంటి విషయాల్లో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ మాటే ప్రమాణం. ఒక వైరస్ స్వభావం ఏమిటన్న ప్రశ్నకు మాత్రం జిల్లా కార్యాలయం కంటే ఐసీఎంఆర్ ప్రకటన మెరుగైన ఆధారం.

ముఖ్యమైన సమాచారాన్ని తెలుగులో ఎందుకు పెట్టరు? పెట్టినా అర్థం కాదెందుకు?

మార్గదర్శకాలు సాధారణంగా ఇంగ్లీషులో పుట్టి, హిందీలోకి వెళ్లి, ఆ తరువాత రాష్ట్రాలకు చేరతాయి. తెలుగు పోస్టరు వచ్చేసరికి అసలు మార్గదర్శకమే మారిపోయి ఉండవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు మాటలది. కొవిడ్ తొలి వారాల్లో ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు దించి 'సామాజిక దూరం' అన్నారు. కులం పేరిట మనుషులను ఊరి చివర ఉంచిన సమాజంలో ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించినవారు తక్కువ. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 'భౌతిక దూరం' అన్న అర్థమిచ్చే మాటకు మారింది. మనుషుల మధ్య ఉండవలసింది అడుగుల దూరమే గాని, బంధాల దూరం కాదని దాని ఉద్దేశం. తెలుగులో కూడా 'భౌతిక దూరం' వాడుకలోకి వచ్చింది. 'క్వారంటైన్', 'ఐసోలేషన్' సంగతి ఇంకా తేలలేదు: మొదటిది జబ్బు సోకి ఉండవచ్చునన్న అనుమానం ఉన్నవారిని వేరుగా ఉంచడం, రెండవది జబ్బు ఉందని తేలినవారిని వేరుగా ఉంచడం. తెలుగు ప్రకటనల్లో రెండింటికీ ఒకే మాట వాడితే, చదివినవాడు తాను రోగినో కాదో తేల్చుకోలేడు.

పోస్టరును బొమ్మగా మాత్రమే పెట్టడం మరొక లోపం. అందులోని తెలుగు అక్షరాలను చూపు లేనివారి ఫోను చదివి వినిపించలేకపోవచ్చు, వెతికినప్పుడు ఆ పోస్టు దొరకకపోవచ్చు. బొమ్మ కింద అదే విషయాన్ని నాలుగు వాక్యాల్లో టైపు చేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది, అయినా చేసేవారు అరుదు.

## కొత్త జబ్బు వార్త వచ్చిన తొలి రోజులు

"కారణం ఇంకా తెలియదు" అని చెప్పడానికి ఒక పోస్టు ఎందుకు? తెలిశాకే చెప్పవచ్చు కదా?

తెలిసేదాకా ఆగితే ఆ ఖాళీని ఇతరులు నింపుతారు. 2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య 600 దాటింది. చాలామంది త్వరగానే కోలుకున్నా, ఎందుకు పడిపోయారో ఎవరికీ తెలియదు. నీళ్లని కొందరు, పాలని కొందరు, కొవిడ్ పారిశుద్ధ్యం కోసం చల్లిన బ్లీచింగ్ పౌడరని మరికొందరు అనుమానించారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొన్ని రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నీరి వంటి పరిశోధనా సంస్థలన్నీ నమూనాలు తీసుకున్నాయి. డిసెంబరు 16 నాటికి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునన్న అభిప్రాయానికి వచ్చారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేల్చడానికి మాత్రం ఇంకా అధ్యయనం అవసరమన్నారు.

ఆ పదకొండు రోజులపాటు ఏలూరు తల్లి ఒకామె పిల్లవాడికి కుళాయి నీళ్లు పట్టాలా వద్దా అన్న ప్రశ్నతోనే ఉంటుంది. ఆమెకు కారణం తెలియకపోయినా గడుస్తుంది గాని, ఈ పూట ఏం చేయాలో తెలియకపోతే గడవదు. అందువల్ల తెలియని దశలో పెట్టే పోస్టులో ఇంతవరకు నిర్ధారణ అయినదేమిటి, కానిదేమిటి, ఏ నమూనాలు ఏ ప్రయోగశాలకు వెళ్లాయి, అప్పటివరకు ఇంట్లో పాటించవలసినదేమిటి, తరువాతి ప్రకటన ఎన్ని గంటలకు వస్తుంది అన్నవి ఉండాలి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది అదే. సాయంత్రం ఆరు గంటలకు చెబుతామని చెప్పి, కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఆరింటికి వచ్చి "ఫలితాలు ఇంకా రాలేదు" అన్న శాఖను జనం మరునాడు కూడా వింటారు.

"కంగారు పడవద్దు" అంటే ఏదో దాస్తున్నారని అర్థమా?

కారణం చెప్పకుండా అంటే ఆ అనుమానం రావడం సహజమే. 2025 జనవరి తొలి రోజుల్లో చైనా ఆసుపత్రులవని చెబుతూ కిక్కిరిసిన వార్డుల వీడియోలు ఫోన్లలో తిరిగాయి. జనవరి 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఆందోళన అవసరం లేదని చెప్పారు. జనవరి 6న కర్ణాటకలో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ ఉన్నట్టు ప్రకటన వెలువడింది. మూడు రోజుల్లోనే మాట తప్పారని చాలామందికి అనిపించింది. నిజానికి ఆ వైరస్‌ను 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది మన దేశంలో కూడా అంతకుముందు నుంచే తిరుగుతున్నది. ఆ రెండు కేసులు కూడా ఐసీఎంఆర్ ఎప్పటినుంచో చేస్తున్న శ్వాసకోశ వ్యాధుల నిఘాలో బయటపడినవే. ఈ మూడు సంగతులను జనవరి 3 నాటి మాటతో కలిపి, "వెతికితే మన దగ్గర కూడా కేసులు కనిపిస్తాయి, ఆశ్చర్యపడనక్కర లేదు" అని పెద్ద అక్షరాల్లో ముందే చెప్పి ఉంటే, జనవరి 6 వార్త ఉరుములేని పిడుగులా పడేది కాదు.

రోజువారీ బులెటిన్‌లోని అంకెలను ఎలా చదవాలి?

ముందు ఎన్ని పరీక్షలు చేశారో చూడండి. పరీక్షలు తగ్గితే కేసులు కూడా తగ్గినట్టే కనిపిస్తాయి. ఆ తరువాత ఆ అంకె నమోదైన రోజుదా, ఘటన జరిగిన రోజుదా అన్నది చూడండి. ఆదివారం తగ్గి మంగళవారం పెరగడం తరచు కార్యాలయాల సెలవు వల్ల జరిగేదే. బులెటిన్‌లో ఏముండాలన్నది కూడా తేలిక విషయం కాదు: 2020లో తెలంగాణ కొవిడ్ బులెటిన్‌లో వివరాలు చాలడం లేదని హైకోర్టు పలుమార్లు ఆక్షేపించిన తరువాత, ఆసుపత్రుల వారీ పడకల సమాచారం వంటివి అందులో చేరాయి.

## టీకా, మందుల ప్రచారం నడిచే దశ

బడి వాట్సాప్ గ్రూపులో టీకా గురించి భయపెట్టే ఆడియో వచ్చింది. శాఖవారు వెంటనే ఎందుకు ఖండించరు?

చాలాసార్లు వారికి ఆ ఆడియో సంగతి తెలియదు. వాట్సాప్ సందేశాన్ని పంపినవారు, అందుకున్నవారు తప్ప బయటివారు చూడలేరు. టీకా వద్దంటూ తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపనప్పుడు గాని విషయం ఏఎన్‌ఎం దాకా రాదు. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ప్రచారం తమిళనాడు, కర్ణాటక వంటి రాష్ట్రాల్లో మొదలైనప్పుడు ఇదే జరిగింది. తొమ్మిది నెలల పసివారి నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలందరికీ వేయవలసిన టీకా మీద వాట్సాప్‌లో వదంతులు పాకాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రచారం అదే ఏడాది ఆగస్టులో మొదలైంది.

పొరుగు రాష్ట్రం అనుభవం ముందున్నప్పుడు ఖండన కోసం ఎదురు చూడనవసరం లేదు. రాబోయే వదంతిని ముందే చెప్పి, దాని లోగుట్టు విప్పడం మేలు. "ఇలాంటి ఆడియో మీకు రావచ్చు, అందులో ఊరి పేరు, బడి పేరు, తేదీ ఉండవు, గమనించండి" అని తల్లిదండ్రుల సమావేశంలో ఒక మాట అంటే, అది వచ్చిననాడు దాని కోర సగం విరుగుతుంది. పైగా శాఖ పేజీలో పెట్టే ఖండన ఆ గ్రూపులోకి తనంతట తాను చేరదు. దాన్ని మోసుకువెళ్లవలసింది పంతులమ్మో, ఆశా కార్యకర్తో.

మన దేశంలో పోలియో లేదన్నారు. మరి హైదరాబాదు మురుగునీటిలో దొరికిందని వార్త ఎందుకు వచ్చింది?

రెండూ నిజమే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. 2016 జూన్‌లో హైదరాబాదు మురుగునీటి నమూనాలో కనిపించినది టీకాలోని బలహీనపరచిన వైరస్ నుంచి రూపాంతరం చెందిన రెండవ రకం పోలియో వైరస్. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. ముందుజాగ్రత్తగా హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు సూది ద్వారా పోలియో టీకా వేశారు. ఒక్క వాక్యపు పోస్టులో ఇమిడే సంగతి కాదిది: 'పోలియో వైరస్ దొరికింది' అన్న మూడు మాటల శీర్షికకు జవాబివ్వాలంటే వైరస్ దొరకడానికి, జబ్బు రావడానికి తేడా ఏమిటో చెప్పాలి, దానికి కనీసం ఒక పేరా పడుతుంది.

నాటు మందు వీడియో వైరల్ అయితే ప్రభుత్వం అవునో కాదో సూటిగా ఎందుకు చెప్పదు?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటు వైద్యుడు కొవిడ్‌కు ఇచ్చే మందు కోసం వేల మంది చేరారు. వీడియోలు చూసి ఇతర రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు. పంపిణీని ఆపి, మందును ఆయుర్వేద పరిశోధనా సంస్థల పరిశీలనకు పంపారు. మే 31న ఆయన ఇచ్చే మందుల్లో కంటి చుక్కలను పక్కన పెట్టి, కొన్నింటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇస్తూ, వాటితో కొవిడ్ నయమవుతుందనడానికి ఆధారం లేదని, వైద్యులు రాసిన మందులు ఆపవద్దని కూడా చెప్పింది. ప్రభుత్వం సూటిగానే మాట్లాడింది, కానీ 'అనుమతి' అన్న మాట ఎగిరినంత దూరం దాని వెనుకనున్న హెచ్చరిక ఎగరలేదు. హాని కనిపించకపోవడం వేరు, మేలు రుజువు కావడం వేరు. మొదటిదాన్ని ప్రకటించిన నిమిషంలోనే జనం రెండవదిగా వింటారని, వాక్యం రాసేవారు ముందే ఊహించాలి. హెచ్చరికను మొదటి వాక్యంగా, అనుమతిని రెండవ వాక్యంగా రాసి ఉంటే కొంత తేడా ఉండేదని నా అభిప్రాయం.

యూట్యూబ్‌లో డాక్టర్లు చెప్పేది అధికారిక సమాచారమేనా?

కాదు, అంతమాత్రాన అది తప్పు కానక్కర లేదు. ఒక్కొక్కప్పుడు వైద్యుల గొంతే నియంత్రణ సంస్థను కదిలిస్తుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి భిన్నంగా చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలను 'ఓఆర్‌ఎస్' పేరుతో అమ్మడం మీద ఏళ్ల తరబడి మాట్లాడారు. 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. దీనికి మరో వైపు కూడా ఉంది. వైద్యుల సామాజిక మాధ్యమ ప్రవర్తనకు నియమాలతో జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న తెచ్చిన నిబంధనలు అదే నెల 23న నిలిచిపోయాయి. అందువల్ల వినేవారే కొన్ని విషయాలు చూసుకోవాలి: చెప్పే అంశం ఆ వైద్యుడి విభాగానిదేనా, వీడియో చివర ఏదైనా అమ్ముతున్నారా, మీరు వాడుతున్న మందును ఆపమంటున్నారా. మూడవది వినిపిస్తే వీడియోను ఆపి, మీ వైద్యుడిని కలవండి.

## చెప్పిన మాట మారినప్పుడు

మొదట మాస్కు అక్కర లేదన్నారు, తరువాత తప్పనిసరి అన్నారు. ఇక వారిని ఎలా నమ్మడం?

మాట మారడాన్ని, మారిన తీరును వేరు చేసి చూడాలి. 2020 తొలి నెలల్లో, లక్షణాలు లేనివారి నుంచి వైరస్ ఎంతవరకు పాకుతుందో స్పష్టంగా తెలియదు. ఆసుపత్రి సిబ్బందికే మాస్కులు చాలని రోజులవి. అందుచేత ఆరోగ్యవంతులకు మాస్కు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం ఏప్రిల్ మొదటి వారంలోనే ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు ధరించమని సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న తన సలహాను మార్చింది. ఆధారాలు పెరిగినప్పుడు సలహా మారకపోతేనే భయపడాలి.

తప్పు మరొక చోట జరిగింది. 2020 మార్చి 28న ఆ సంస్థ ట్విటర్‌లో, కొవిడ్ గాలి ద్వారా వ్యాపించదని, అదీ 'వాస్తవం' అన్న మాటను ముందు పెట్టి, పెద్ద అక్షరాల్లో ప్రకటించింది. అప్పటికి అది ఒక అంచనా మాత్రమే. 2021 ఏప్రిల్ చివరలో వెబ్‌సైటులోని ప్రశ్నోత్తరాల పేజీని సవరించి, గాలిలో తేలే సూక్ష్మకణాల ద్వారా కూడా సోకుతుందని చేర్చింది. మొదటి మాటను డప్పు కొట్టి చెప్పారు, దిద్దుబాటును పెరటి గుమ్మంలోంచి పంపారు. ఆ ఏడాదిపాటు కిటికీలు మూసుకుని చేతులు మాత్రమే కడుక్కున్నవారిని తప్పుపట్టలేము. "ప్రస్తుత ఆధారాల ప్రకారం" అన్న మాటను ఆ ట్వీటులో చేర్చడానికి స్థలం చాలకపోలేదు. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ వివిధ దేశాల ప్రజారోగ్య సంస్థలతో కలిసి 'గాలి ద్వారా వ్యాప్తి' అన్న మాటకు ఉమ్మడి అర్థం కుదుర్చుకుంటూ ఒక నివేదిక విడుదల చేసింది. అంటే నిపుణుల మధ్య కూడా ఆ మాటకు ఒకే అర్థం లేదన్నమాట. చదివేవారికి మాత్రం ఉన్నట్టు ధ్వనించారు.

కనుక నమ్మకాన్ని కొలవడానికి, ఒక సంస్థ ఎన్నిసార్లు మాట మార్చిందని లెక్కపెట్టకండి. మార్చినప్పుడు పాత మాట ఏమిటో, ఎందుకు మారిందో, ఏ తేదీ నుంచో చెప్పిందా లేదా చూడండి.

తప్పు పోస్టును తొలగించడం మంచిదా, ఉంచడం మంచిదా?

తొలగిస్తే స్క్రీన్‌షాట్ మిగులుతుంది, వివరణ మిగలదు. అదే పోస్టు కింద దిద్దుబాటు రాసి, కొత్త పోస్టును దానికి జోడించడం మేలు. రోగి వివరాలు పొరపాటున బయటపడితే మాత్రం ఆలోచించకుండా వెంటనే తొలగించాలి.

## మీరు అడగాలన్నా, పంపాలన్నా

శాఖ పోస్టు కింద ప్రశ్న రాస్తే జవాబు ఎందుకు రాదు?

చాలా కార్యాలయాల్లో ఆ ఖాతాను చూసేది ఒకరిద్దరే, వారు వైద్యులు కాకపోవచ్చు. ఒకే సందేహం వంద మంది రాస్తే దాని మీద కొత్త పోస్టు వస్తుంది గాని, మీ ఇంటి రోగి సంగతి అక్కడ తేలదు. మానసిక ఆరోగ్య సహాయానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 ఉంది, ప్రాణాపాయమైతే 108.

రిపోర్టు ఫోటో పెట్టి అడగవచ్చా?

వద్దు. పేరు, వయసు, ఫోను నంబరు, ఆసుపత్రి సంఖ్య అన్నీ అందులో ఉంటాయి. ఆ ఫోటో చూసి సహాయం చేస్తామంటూ ముందుగా పలకరించేవారు తరచు మోసగాళ్లే.

వాట్సాప్‌లో ప్రభుత్వ చాట్‌బాట్‌ను నమ్మవచ్చా?

దాని పరిధి తెలుసుకుని వాడితే నమ్మవచ్చు. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన కేంద్ర ప్రభుత్వ మైగవ్ వేదిక ఇలాంటి సేవలు ప్రారంభించాయి; 2021 ఆగస్టు నుంచి మైగవ్ హెల్ప్‌డెస్క్ ద్వారా టీకా ధ్రువపత్రం కూడా తీసుకోగలిగారు. ధ్రువపత్రం, టీకా కేంద్రం చిరునామా వంటి నిర్ణీత పనులకు అవి బాగా పనికివస్తాయి. ఛాతీ నొప్పి ఎందుకు వస్తున్నదో చెప్పడానికి కాదు.

"చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని రెండు బాణాలు కనిపిస్తే అది అబద్ధమేనా?

ఆ గుర్తు సందేశం చాలా చేతులు మారిందని చెబుతుంది, నిజానిజాలు చెప్పదు. అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది. మూలం ఎవరో తెలియదని మాత్రం దాని నుంచి గ్రహించవచ్చు.

తప్పుడు సమాచారం కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన విషయమైతే, 2019 నవంబరులో ఏర్పడిన పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) ఫ్యాక్ట్ చెక్ విభాగానికి పంపవచ్చు. అది ప్రభుత్వ విభాగమేనని, వైద్య పరిశోధనా సంస్థ కాదని గుర్తుంచుకోండి. స్థానిక వదంతి అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చెప్పడమే త్వరగా ఫలిస్తుంది. చూపించడానికి సందేశం నకలు, అది వచ్చిన తేదీ దగ్గర ఉంచుకోండి.

మా నాన్నగారు రోజూ ఆరోగ్య చిట్కాలు ఫార్వర్డ్ చేస్తారు. నొప్పించకుండా ఎలా ఆపాలి?

బంధువుల గ్రూపులో అందరి ముందు దిద్దకండి; పెద్దవారికి అక్కడ పరువు ముఖ్యం, వైరస్ తరువాతి సంగతి. విడిగా ఫోను చేసి, "నాన్నగారూ, మీరు పంపినది చూశాను, ఎవరు చెప్పారో అందులో లేదు, మన డాక్టరుగారిని అడుగుదామా?" అనండి. చిట్కా ప్రమాదకరమైనదైతే, అంటే షుగరు మాత్ర ఆపమనో, పసిబిడ్డకు ఏదో పోయమనో ఉంటే, గ్రూపులో కూడా ఒక వాక్యం రాయాలి. దాన్ని ఆయనే స్వయంగా రాసేలా చూస్తే మిగిలినవారు కూడా వింటారు.